గణకయంత్రమునకు దినచర్య

ప్రతి కార్యాలయమునందును రెండు విధములైన పనులు కలవు. అప్పటికప్పుడు వచ్చిపడు పని యొకటి. వేళ వచ్చినంతనే ఎవరును అడుగకుండగనే జరుగవలసిన పని మరియొకటి. మన పూర్వులు కర్మలను ఇట్లే నిత్యములనియు నైమిత్తికములనియు విభజించిరి. సంధ్యావందనము నిత్యము, గ్రహణస్నానము నైమిత్తికము. నిత్యకర్మను చేసినవానికి విశేషఫలమేమియు లేదు. మానినవానికి మాత్రము దోషము కలదని పెద్దల మాట. కచేరీ పనులయందును ఇదియే న్యాయము. నెలాఖరునకు జీతపు బిల్లును వేళకు సిద్ధపరచిన గుమాస్తాను ఎవరును మెచ్చుకొనరు. అది యొక్కదినము ఆలస్యమైనచో ఆ సంగతి ఇంటింటను తెలియును.

పూర్వము మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలలో ఫసలీ సంవత్సరము జూలై 1వ తేదీన మొదలై జూన్ 30తో ముగియుచుండెను. గ్రామకరణము అడంగలు మొదలగు లెక్కలను ఏ వేళ కా వేళ పూరించి, జమాబందీనాటికి అన్నిటిని సరిచూచి అధికారి ముందుంచవలెను. కరణము ఎంత చక్కని దస్తూరీ గలవాడైనను, ఎంత త్వరగా కూడగలవాడైనను, ఆ నాటికి లెక్క సిద్ధము కానిచో ఆ ప్రజ్ఞ యంతయు నిష్ప్రయోజనము. లెక్కలోని నిజము ఎంత ముఖ్యమో, అది చేరవలసిన వేళయు అంతే ముఖ్యము.

గణకయంత్రము, అనగా నేడు అందరు కంప్యూటరు అని పిలుచు సాధనము, పుట్టిననాటినుండి దాని వేగమే లోకమున కొనియాడబడినది. వేలకొలది గుణకారములను క్షణమాత్రమున చేయునని ప్రజలు విస్తుపోయిరి. కాని కార్యాలయములు ఆ యంత్రమును లోనికి రానిచ్చినది కేవలము దాని వేగమును చూచి కాదు. వారమువారము, దినదినము, చెప్పిన వేళకు చెప్పిన పనిని చేసిపెట్టగలదను నమ్మకము కుదిరిన పిమ్మటనే దానికి కచేరీలో స్థానము దొరకినది. ఆ నమ్మకము కుదిరిన విధము తెలిసికొనదగిన చరిత్ర. అది ఏ యుద్ధశాఖయందో, ఏ విశ్వవిద్యాలయమునందో కాక, రొట్టెలు కాల్చి తేనీరు అమ్ముకొను ఒక సంస్థయందు ఆరంభమైనది.

తేనీటి సంస్థ తలపెట్టిన పని

లండను నగరమున జె. లయన్స్ అండ్ కంపెనీ అను వ్యాపారసంస్థ యుండెను. 1894లో పికడిల్లీ వీధియందు తన మొదటి తేనీటి శాలను తెరచినది మొదలు అది తేయాకు, రొట్టెలు, కేకులు, ఐస్‌క్రీము మున్నగువానిని తయారుచేసి విక్రయించుచు దేశమంతటను ప్రసిద్ధి కెక్కెను. దాని ప్రధాన కార్యాలయమును, పెద్ద బేకరీలును హామర్‌స్మిత్ ప్రాంతమున క్యాడ్బీ హాల్ అను ఆవరణలో నుండెను. ఈ వ్యాపారమున ఒక్కొక్క అమ్మకమునకు మిగులు లాభము అత్యల్పము; ఒక్కొక్కచో పెన్నీలో ఒక భాగము మాత్రమే. అమ్మకముల సంఖ్య మాత్రము లెక్కకు మిక్కిలి. కావున లాభము నిలువవలెనన్నచో లెక్క తప్పరాదు. లెక్క వ్రాయుటకగు వ్యయము లాభమును మ్రింగివేయరాదు.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితశాస్త్రము నభ్యసించిన జాన్ సిమన్స్ 1923లో ఈ సంస్థలో చేరెను. కార్యాలయపు పనిని సైతము కర్మాగారపు పనివలెనే శాస్త్రీయముగా పరిశీలించి సవరింపవచ్చునని ఆయన విశ్వాసము. 1932లో ఆ సంస్థయందు కార్యాలయ పద్ధతులను పరిశోధించుటకే ఒక ప్రత్యేక శాఖ ఏర్పడినది. ఏ కాగితము ఎవరి చేతికి ఎందుకు పోవుచున్నది, ఒకే అంకెను ఎన్నిమారులు ఎత్తివ్రాయుచున్నారు, ఏ లెక్క ఎవరికిని ఉపయోగపడకయే పోవుచున్నది అను ప్రశ్నలను ఆ శాఖవారు నిరంతరము వేసికొనుచుండిరి. యంత్రము రాకముందే పనిని విడదీసి చూచు అభ్యాసము అక్కడ వేరూనినది.

రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1947లో, ఆలివర్ స్టాండింగ్‌ఫర్డ్, రేమండ్ థామ్సన్ అను ఇద్దరు ఉద్యోగులను ఈ సంస్థ అమెరికాకు పంపెను. అక్కడి కార్యాలయములలోని క్రొత్తపద్ధతులను చూచివచ్చుట వారి పని. యుద్ధకాలమున నిర్మింపబడిన ఎలక్ట్రానిక్ గణకయంత్రమునుగూర్చి వినియున్న వారు ప్రిన్స్‌టన్‌లో హెర్మన్ గోల్డ్‌స్టైనును కలిసికొనిరి. అట్టి యంత్రమునే కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ నిర్మించుచున్నాడని ఆయన వారికి తెలిపెను. చంకలో బిడ్డనుంచుకొని ఊరెల్ల వెదకినట్లు, సముద్రముదాటి పోయినవారికి తమ ఊరిప్రక్క సంగతి అక్కడ తెలిసినది!

తిరిగివచ్చి వారు వ్రాసిన నివేదికను సంస్థ డైరెక్టర్లు మన్నించిరి. కేంబ్రిడ్జి యంత్రనిర్మాణమునకు సంస్థ 3,000 పౌండ్ల విరాళమునిచ్చి, తన ఉద్యోగి నొకనిని సహాయమునకు పంపెను. 1949 మే 6వ తేదీన ఎడ్‌సాక్ అను ఆ యంత్రము తన మొదటి లెక్కను చేసెను. అంతట లయన్స్ సంస్థ తన సొంత యంత్రమును నిర్మింప నిశ్చయించెను. ఇంజనీరింగు బాధ్యతను జాన్ పింకర్టన్, పనిని యంత్రమునకు తగినట్లు కూర్చు బాధ్యతను డేవిడ్ కామినర్ వహించిరి. లయన్స్ ఎలక్ట్రానిక్ ఆఫీసు అను మూడు పదముల మొదటి అక్షరములను కూర్చి యంత్రమునకు లియో అని పేరిడిరి. లాటిను భాషలో లియో అనగా సింహము. సంస్థ పేరునకును అది చక్కగా పొసగినది.

లియోలో సుమారు ఆరువేల వాల్వులుండెను. జ్ఞాపకశక్తికై పాదరసముతో నింపిన 64 గొట్టములుండెను. ధ్వనితరంగముల రూపమున అంకెలు ఆ పాదరసమున నిరంతరము పరుగిడుచుండెను. ఇన్ని గొట్టములలోను ఇమిడినవి సుమారు రెండువేల సంఖ్యలు మాత్రమే. ఈ కొద్దిపాటి చోటులోనే పనికి సంబంధించిన ఆదేశములును, అంకెలును రెండును ఇమడవలసి యుండెను.

మొదటి నిత్యకర్మ

ఈ యంత్రమునకు అప్పగింపబడిన మొదటి పని బేకరీ సరకుల విలువ కట్టుట. వారమునందు ఏ బేకరీ ఏయే రొట్టెలను, కేకులను, పైలను ఎన్నెన్ని తయారుచేసెనో, వాని ముడిసరకుల ఖర్చెంతయో, కూలి యెంతయో, అవి తేనీటి శాలలకును కిరాణా వర్తకులకును ఎంతెంత పోయెనో తేల్చవలెను. 1951 సెప్టెంబరు 5వ తేదీన ఈ పనిని పరీక్షగా నడపి చూచిరి. అదే సంవత్సరము నవంబరు 29, 30 తేదీలలో గుమాస్తాల చేతినుండి ఆ పని పూర్తిగా లియోకు బదిలీ అయినది. వ్యాపారసంస్థలో క్రమముతప్పక నడుచు కార్యాలయపు పనిని ఒక గణకయంత్రము చేపట్టుట ప్రపంచమున ఇదియే ప్రథమమని చరిత్రకారులు చెప్పుదురు.

ఈ సంఘటనలోని విశేషము ఆ రెండు దినములలో లేదు. ఆ తరువాతి వారమునందు, అటుపిమ్మటి వారమునందు ఉన్నది. ఒకనాడు పదుగురి యెదుట ప్రదర్శన మిచ్చుట వేరు. నిత్యము పొయ్యి వెలిగించి వేళకు వంట చేయుట వేరు. ప్రదర్శననాడు యంత్రము మొరాయించినచో మరునాటికి వాయిదా వేయవచ్చును. వారపు పనికి వాయిదా లేదు. ఏలయనగా పైవారము పని దాని వెనుకనే తరుముకొని వచ్చుచుండును.

వాల్వులు దీపములవంటివి, ఎప్పుడు ఏది ఆరిపోవునో తెలియదు. కావున పింకర్టన్ ఒక ఉపాయము నవలంబించెను. అసలు పని మొదలిడుటకు ముందు యంత్రమునకు విద్యుత్తును కావలెననియే కొంత హెచ్చుతగ్గులుగా నిచ్చి పరీక్షించుచుండిరి. బలహీనమైన వాల్వు ఆ పరీక్షలోనే బయటపడును. దానిని తీసివేసి క్రొత్తదానిని అమర్చిన పిమ్మట పని ప్రారంభింతురు. నడుమ చెడిపోవుదానిని ముందే చెడిపోనిచ్చుట ఇందలి యుక్తి. వేళ తప్పని పనికి ఇదియే మొదటి రక్ష.

జీతముల లెక్క

వారమువారము జరుగు పనులలో అతి కఠినమైనది జీతముల లెక్క. బ్రిటనులో నాడు కార్మికులకు వారపు జీతములు. అవి కవరులో పెట్టి ఇవ్వబడు రొక్కము. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరువది షిల్లింగులు ఒక పౌండు. 1957కు పూర్వము రూపాయి, అణా, పైసలతో కుస్తీ పట్టిన మన గుమాస్తాలకు ఆ కష్టము సులభముగా బోధపడును. దీనికి తోడు 1944నుండి అక్కడ ఆదాయపు పన్నును ప్రతి జీతమునుండియే మినహాయించు పద్ధతి అమలులోనికి వచ్చెను. ఆ పన్ను ఈ వారపు జీతమునుబట్టి మాత్రమే నిర్ణయమగునది కాదు. ఏప్రిలు మొదలు నేటివరకు వచ్చిన మొత్తము జీతమునుబట్టి నిర్ణయమగును. కనుక ప్రతి ఉద్యోగికిని గతవారపు నిలువలను యంత్రము కార్డులపై రంధ్రములుగా పొడిచి బయటపెట్టవలెను. ఆ కార్డులనే పైవారము మరల యంత్రమునకు అందింపవలెను.

నియతకాలిక కార్యముల స్వభావమంతయు ఈ చిన్న కార్డులో కలదు. ఈ వారపు పని స్వతంత్రమైనది కాదు. అది గతవారమునకు సంతతి, రాబోవు వారమునకు జనకము. ఒక వారమున దొర్లిన పొరపాటు ఆ వారముతో పోదు, వంశపారంపర్యముగా వచ్చును. గతవారపు కార్డులకు బదులు అంతకుముందు వారపు కార్డులు పొరపాటున యంత్రములోనికి పోయినచో లెక్కలు పైకి సరిగానే కనిపించును. పన్నులు మాత్రము తప్పును. అందుచే ఏ కార్డులు ఏ వారమునకు చెందినవో యంత్రమే సరిచూచు ఏర్పాటు అవసరమైనది. కార్యాలయములో ఏ కట్ట కాగితమునకైనను పైన తేదీ వేయుడని పెద్దగుమాస్తా పదేపదే చెప్పుటలోని అర్థమిదియే.

కామినర్ నాయకత్వమున ప్రోగ్రాములు వ్రాసినవారు ఈ పనిని తొందరపాటుతో చేయలేదు. ఒకరు వ్రాసినదానిని మరియొకరు పంక్తిపంక్తియు సరిచూడవలెనని నియమము. యంత్రము కూడిన మొత్తములు వేరుగా కూడిన మొత్తములతో సరిపోవలెను. పని సగములో యంత్రము ఆగిపోయినచో మొదటినుండి మరల చేయనక్కరలేకుండ, నడుమ నడుమ కొన్ని మజిలీలు ఏర్పరచిరి. ప్రతి మజిలీయందును అప్పటివరకైన లెక్క భద్రపరుపబడును. ఆగినచో వెనుకటి మజిలీనుండి మరల బయలుదేరవచ్చును.

1953 డిసెంబరు 24వ తేదీనుండి కొన్ని వారములపాటు గుమాస్తాలును యంత్రమును అవే జీతములను వేరువేరుగా లెక్కించిరి. రెండును సరిపోవుచున్నవని నిశ్చయమైన పిమ్మట, 1954 ఫిబ్రవరి 12వ తేదీనుండి బేకరీ కార్మికులు సుమారు 1,700 మంది జీతములను లియోయే లెక్కించెను. అనుభవజ్ఞుడైన గుమాస్తాకు ఒక్కొక్క ఉద్యోగి లెక్కకు ఎనిమిది నిమిషములు పట్టుచుండగా యంత్రమునకు ఒకటిన్నర సెకను పట్టినది. ఈ పోలికను అందరును ఉదాహరింతురు. కాని ఆ కార్మికునికి ఎనిమిది నిమిషములైనను, ఒకటిన్నర సెకనైనను ఒక్కటియే. అతనికి కావలసినది జీతపుదినమున చేతికి కవరు వచ్చుట. యంత్రము తన లెక్కలో గెలిచినది వేగమువలన. అతని నమ్మకమును గెలిచినది వేళ తప్పకుండుటవలన.

ప్రతిదినపు పని

1954 అక్టోబరులో అంతకంటె ఇరుకైన కాలపరిమితి గల పని లియోకు వచ్చెను. తేనీటి శాలలకు మరునాడు పంపవలసిన సరకులను నిర్ణయించుట ఆ పని. వారమునందలి ఒక్కొక్క దినమునకు ఏమేమి ఎంతెంత కావలయునో ప్రతి శాలయొక్క మేనేజరమ్మయు ముందుగానే ఒక పట్టీ ఇచ్చి యుండును. సోమవారపు అమ్మకము వేరు, శనివారపు అమ్మకము వేరు కదా. ప్రతి మధ్యాహ్నము ప్రధాన కార్యాలయమునుండి ఆమెకు టెలిఫోను వచ్చును. నేటి పట్టీలో మార్పు లేవైన ఉన్నచో అవి మాత్రమే ఆమె చెప్పవలెను. చెవులకు టెలిఫోను సాధనమును తగిలించుకొని కూర్చున్న ఉద్యోగినులు ఆ మార్పులను వినుచునే కార్డులపై పొడుచుచుండిరి. ఆ కార్డులు యంత్రమునకు పోవును. ఏ శాలకు ఏ సరకు ఎంత కట్టవలెనో, బేకరీలో మొత్తమెంత కావలెనో అచ్చుపడి వచ్చును.

ఇందలి యుక్తి ఏమనగా, మారనిదానిని మరల అడుగకుండుట. నిత్యము జరుగుదానిని పట్టీలో నుంచి, నేటి విశేషమును మాత్రము మనుష్యులను అడిగిరి. నిత్యమును యంత్రమునకు, నైమిత్తికమును మనుష్యునికి విడదీసి యిచ్చిన ఈ పద్ధతి నేటికిని కార్యాలయ వ్యవస్థలకు మూలసూత్రము.

యంత్రము ఒక్కటి, పనులు పెక్కు. వారపు జీతములు, వారపు బేకరీ విలువలు, దినదినపు సరకుల పట్టీలు తమతమ వేళలకు స్థిరపడిన పిమ్మట, మిగిలిన సందులలో పరుల పనులను సైతము చేసిపెట్టిరి. బడ్జెటు వెలువడగనే పన్నుశాఖకు క్రొత్త పన్ను పట్టికలు, రైల్వేలకు వేలకొలది స్టేషనుల నడుమ దూరములు, ఫోర్డు మోటారు కంపెనీవారి కార్మికుల జీతములు లియోపై లెక్కింపబడినవి. ఏ పని ఎప్పుడు, దేనికి తరువాత ఏది, ఆలస్యమైనచో దేనిని వెనుకకు నెట్టవచ్చును, దేనిని నెట్టరాదు అను నిర్ణయములతో కూడిన కాలపట్టిక ఒకటి అనివార్యమైనది. రైల్వే టైముటేబిలులో మెయిలు బండికి దారి యిచ్చుటకు గూడ్సు బండిని ప్రక్క లైనులో నిలుపునట్లు, జీతముల పనికి దారి యిచ్చుటకు ఇతరపనులు ప్రక్కకు తొలగవలసి వచ్చెను.

1954 నవంబరులో లయన్స్ సంస్థ గణకయంత్రములను ఇతరులకును అమ్ముటకై లియో కంప్యూటర్స్ అను ప్రత్యేక కంపెనీని స్థాపించెను. 1957లో రెండవ తరము యంత్రమును, 1962లో మూడవ తరము యంత్రమును వెలువడినవి. మూడవదానియందు ఏకకాలమున పెక్కు పనులను నడపుటకు, వాని నడుమ యంత్రమును పంచి యిచ్చుటకు ఒక ప్రధాన ప్రోగ్రాము ఏర్పరుపబడెను. అనగా పెద్దగుమాస్తా పనిని సైతము యంత్రమే చేపట్ట నారంభించెను. పదునాలుగేండ్ల సేవానంతరము మొదటి లియో 1965 జనవరిలో విశ్రాంతి పొందినది. మూడవ తరమునకు చెందిన కొన్ని యంత్రములు బ్రిటిషు టెలిఫోను బిల్లులను 1981వరకు లెక్కించుచునే యుండెను.

మనుష్యుని చేతినుండి గడియారమునకు

అమెరికాలో ఈ చరిత్ర వేరొక మార్గమున నడచెను. అక్కడ యంత్రములు మిక్కిలి ఖరీదైనవి. ఒక పనికిని మరియొక పనికిని నడుమ ఆపరేటరు టేపులను మార్చుచు, కార్డులను సర్దుచు నున్నంతసేపు ఆ యంత్రము ఊరకుండుట యజమానులకు సహింపరాని దయ్యెను. 1956లో జనరల్ మోటార్స్, నార్త్ అమెరికన్ ఏవియేషన్ సంస్థలవారు కలిసి ఐ.బి.ఎం. 704 యంత్రమునకై ఒక పర్యవేక్షక ప్రోగ్రామును తయారుచేసిరి. పనులను ఒక దొంతరగా పేర్చి యిచ్చినచో, ఒకటి ముగియగనే తరువాతిదానిని యంత్రము తనంతట తానే అందుకొనును. బ్యాచి అను మాట ఈ దొంతరకు చెందినదే.

1964లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన సిస్టం 360 యంత్రములతో, పనిని వివరించుటకు ప్రత్యేకమైన ఒక భాషయే పుట్టెను. ఈ పనికి ఏ ప్రోగ్రాము, ఏ టేపు, ముందటి మెట్టు సరిగా ముగియనిచో తరువాతి మెట్టును ఏమి చేయవలెను అను ఆదేశములు కార్డులపై వ్రాయబడెను. పూర్వము ఆపరేటరు నోట నుండినదంతయు కాగితముపైకి వచ్చినదన్నమాట. కాని పని మొదలిడు వేళను చెప్పుట ఇంకను మనుష్యుని వంతుగనే యుండెను.

ఆ బాధ్యతను గడియారమునకు అప్పగించిన వ్యవస్థలలో ప్రసిద్ధమైనది యూనిక్స్‌లోని క్రాన్ అను చిన్న ప్రోగ్రాము. 1979లో వెలువడిన ఏడవ యూనిక్స్ ప్రతిలో అది కనిపించును. నిమిషము, గంట, తేదీ, నెల, వారము అను అయిదు గడులతో ఒక్కొక్క పంక్తి. ఆ పంక్తి చివర చేయవలసిన పని. క్రాన్ నిమిషమున కొకసారి మేల్కాంచి, ఈ క్షణమునకు చెందిన పంక్తి యేదైనను ఉన్నదా యని చూచుకొని, ఉన్నచో ఆ పనిని నడపి, మరల నిద్రించును. తిథి, వార, నక్షత్ర, యోగ, కరణములను అయిదు అంగములను చూచి ముహూర్తము పెట్టు దేశమువారికి ఈ అయిదు గడుల పట్టిక వింతగా తోచదు.

అయినను పంచాంగమునకు సులభముకాని చిక్కులు కొన్ని కలవు. తిథి రెండు దినములు వ్యాపించినచో వ్రతము ఏనాడు? అధికమాసము వచ్చినచో ఆబ్దికము ఎప్పుడు? వ్యాపారపు యంత్రములకును ఇట్టి ధర్మసందేహములు ఎదురైనవి. 1988లో ఐ.బి.ఎం. వెలువరించిన ఏ.ఎస్./400 అను వ్యాపారయంత్రముల శ్రేణిలో ఏర్పడిన కాలపట్టిక ఇందుకు మంచి నిదర్శనము. ప్రతిదినము, ప్రతి శుక్రవారము అని మాత్రమే కాక, నెల చివరి దినము, నెలలో చివరి శుక్రవారము అనియు దానికి చెప్పవచ్చును. ఫలానా తేదీలను విడిచిపెట్టుమని చెప్పవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. పని జరుగవలసిన వేళకు యంత్రమే ఆగియున్నచో ఏమి చేయవలెనో ముందుగానే నిర్ణయింపవలెను. యంత్రము లేవగనే ఆ పనిని నడపవలెనా? క్యూలో నిలిపి, మనుష్యుని అనుమతికై వేచియుండవలెనా? లేక ఈ పర్యాయమునకు విడిచిపెట్టవలెనా?

ఈ మూడు ప్రశ్నలకు యంత్రము సమాధానము చెప్పజాలదు. రాత్రి తీయవలసిన నకలు తప్పిపోయినచో ఉదయమున తీసినను నష్టము స్వల్పము. వడ్డీ కట్టు పని తప్పిపోయినచో తప్పక చేయవలెను. పొరపాటున రెండుమారులు మాత్రము చేయరాదు. ఉదయము ఏడుగంటలకు పంపవలసిన గుర్తింపు సందేశము సాయంకాలము చేరిన ప్రయోజనమే లేదు. సంధ్యావందనమునకు కాలము అతిక్రమించినచో ప్రాయశ్చిత్తార్ఘ్యము చెప్పినవారు, ఏ కర్మకు ఏ ప్రాయశ్చిత్తమో ముందుగానే విధించిరి. వేళకు జరుగునదానిని మాత్రమే వ్రాసి, వేళ తప్పినప్పటి విధిని వ్రాయని కాలపట్టిక సగము పట్టిక మాత్రమే.

వేళ తప్పిన పక్షమున

ఆ సగము లోపించినప్పుడు కలుగు అనర్థమును 2012 జూన్ మాసమున బ్రిటను చవిచూచినది. రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండు, దానికి చెందిన నాట్‌వెస్టు, అల్స్టరు బ్యాంకులలో, పగటి లావాదేవీలు ఖాతాలలోనికి ఎక్కుట రాత్రివేళ నడుచు బ్యాచి పనులవలన జరుగుచుండెను. ఆ పనులను వరుసగా నడపు షెడ్యూలరు ప్రోగ్రామును జూన్ 17వ తేదీన క్రొత్త ప్రతికి మార్చిరి. చిక్కులు కనిపింపగా జూన్ 19వ తేదీన క్రొత్త ప్రతిని తొలగించి పాతదానిని పెట్టిరి. వెనుకకు మరలుటవలన ఏమి జరుగునో ముందు పరీక్షించియుండలేదు. రెండు ప్రతులకును పొసగలేదు. రాత్రిపనులు నిలిచిపోయినవి.

ఒక రాత్రి పని ముగియనిచో మరునాటి రాత్రి పనికి పునాది యుండదు. లియో కార్డుల కథయే ఇక్కడ లక్షలరెట్లు పెరిగినది. అరువదియయిదు లక్షలకు మించిన ఖాతాదారులు చిక్కులపాలైరి. తమ ఖాతాలో ఎంతయున్నదో కొందరికి తెలియలేదు; కొందరు ఇంటి అప్పు వాయిదాలను వేళకు చెల్లింపలేకపోయిరి; కొందరు పరదేశములలో చేతిలో డబ్బులేక నిలిచిపోయిరి. కొన్ని సంస్థలు తమ ఉద్యోగులకు వేళకు జీతము లీయలేకపోయినవి. అల్స్టరు బ్యాంకులో ఈ చిక్కు జూలై మాసమునను కొనసాగినది. 2014 నవంబరులో అక్కడి రెండు నియంత్రణ సంస్థలు కలిసి ఆ బ్యాంకులపై 5 కోట్ల 60 లక్షల పౌండ్ల జరిమానా విధించినవి. లెక్కలు చేయు ప్రోగ్రాములు పాడుకాలేదు. డబ్బు ఎవరును దొంగిలింపలేదు. ఏ పని తరువాత ఏ పని అను వరుస మాత్రమే చెదరినది. నిత్యకర్మకు ఫలము కనిపింపకున్నను మానినచో దోషము తప్పదనుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము అరుదు.

మన జీతపుదినము

భారతదేశమున కేంద్రప్రభుత్వోద్యోగుల జీతము నెల చివరి పనిదినమున చెల్లింపబడును. మార్చి నెల జీతము మాత్రము ఏప్రిలు మొదటి పనిదినమున చేతికి వచ్చును. ఆ జీతపు వ్యయము క్రొత్త ఆర్థిక సంవత్సరపు ఖాతాలో చేరును. పదునొకండు నెలలకు ఒక నియమము, పండ్రెండవ నెలకు వేరొక నియమము! చివరి దినము ఆదివారమైనచో, సెలవైనచో లెక్క వెనుకకు జరుగును. ఉద్యోగులందరును నోటికి చెప్పగల ఈ చిన్ని నియమమును యంత్రమునకు తెలియజెప్పవలెనన్నచో సెలవుల పట్టికయు, ఆర్థిక సంవత్సరపు మర్యాదయు, మినహాయింపులును అన్నియు దానికి నేర్పవలెను. కాలపట్టిక వ్రాయుట గణితముకంటె ఎక్కువగా ఆచారమును ఎరుగుట.

ఆ జీతము ఖాతాకు చేరు మార్గమున సైతము బ్యాచిలు కలవు. 2005 నవంబరులో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన నెఫ్ట్ పద్ధతిలో చెల్లింపులు ఒక్కొక్కటిగా కాక దొంతరలుగా పరిష్కరింపబడును. ఇందలి సందేశములను మోయు వ్యవస్థ హైదరాబాదులో 1996లో స్థాపింపబడిన బ్యాంకింగు సాంకేతిక పరిశోధన సంస్థవారి నిర్మాణము. మొదట పనిదినములలో పగటివేళకే పరిమితమైయున్న ఈ పద్ధతి 2019 డిసెంబరు 16వ తేదీనుండి రాత్రింబవళ్లు, సెలవుదినములయందును, అరగంటకొక బ్యాచి చొప్పున దినమునకు 48 బ్యాచిలుగా నడచుచున్నది. మూకుమ్మడి జీతములకును, పింఛనులకును, అప్పు వాయిదాలకును ఉపయోగించు నాచ్ పద్ధతియు 2021 ఆగస్టు 1వ తేదీనుండి వారమున ఏడు దినములును పనిచేయుచున్నది. ఆదివారమునాడు బ్యాంకు తలుపులు మూసియున్నను పింఛను ఖాతాలో పడుటకు కారణమిదియే.

క్యాడ్బీ హాలులో పాదరసపు గొట్టముల నడుమ పరుగిడిన అంకెలకును, నేటి అరగంట బ్యాచిలకును వేగమున పోలికయే లేదు. సామర్థ్యమున అంతకంటె లేదు. కాని రెండింటను నిలిచియున్న ధర్మము ఒక్కటియే. గతవారపు లెక్కను భద్రముగా అందుకొనుట, ఈ వారపు లెక్కను సరిచూచి ముగించుట, పైవారమునకు తప్పులేకుండ అందించుట, ఆగినచో ఎక్కడనుండి మొదలిడవలెనో ముందే నిర్ణయించుకొనుట. లియో ముందు కూర్చున్నవారు కనిపెట్టినది ఇదియే. వారికి పూర్వము నూనెదీపపు వెలుగులో జమాబందీకి లెక్కలు సిద్ధపరచిన కరణమునకును ఇది తెలియును.

నెలాఖరు రాత్రి ఏ కచేరీలోనో దీపములారిన పిమ్మట ఒక యంత్రము నిర్ణీతమైన నిమిషమున ఒక పంక్తిని చదివి పని ప్రారంభించును. ఆ పంక్తిని ఏనాడో ఒక ఉద్యోగి సెలవుల పట్టికను ప్రక్కనుంచుకొని, రెండుమారులు సరిచూచి వ్రాసియుండును. అతని పేరు ఎక్కడను వినబడదు. తెల్లవారి వేలకొలది ఇండ్లలో పాలవానికి, బియ్యపు కొట్టుకు, పిల్లల ఫీజులకు డబ్బు చేతికి వచ్చినప్పుడు ఎవరును అతనిని తలంపరు. తలంపవలసిన అవసరము కలుగకపోవుటయే అతని పని సక్రమముగా నెరవేరినదనుటకు గుర్తు.